ఇంజను తల వంచిన చోటు

ఈ మధ్య శాన్ రామన్‌లో ఒకరింట్లో, తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళ్ళాం. స్నేహ అనే అమ్మాయి పులిహోర ప్లేటు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఇక్కడే అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల. సివిల్ ఇంజనీరింగ్ చదువు అప్పుడే పూర్తయింది.

"ఆంటీ, నాకు జాబ్ వచ్చింది. రైల్‌రోడ్ కంపెనీలో. బ్రిడ్జెస్ ఇన్‌స్పెక్ట్ చేయాలి. మీరు కూడా సేమ్ జాబ్ చేశారంట కదా? డాడీ చెప్పారు."

నేను నోరు తెరిచేలోపే వాళ్ళమ్మ అందుకుంది. "మీరైనా చెప్పండి హైమావతిగారూ! దీని ఫ్రెండ్సందరూ ఏసీ రూముల్లో కూచుని కోడింగ్ చేసుకుంటుంటే ఇది సుత్తి పట్టుకుని బ్రిడ్జిల కింద దూరుతుందట. ఆడపిల్ల!"

"నేనూ ఆడపిల్లనేనండీ. జీవితమంతా దూరాను. ఏం, అరిగిపోయానా?" అన్నాను. ఆవిడ నవ్వేసి గారెలు తేవడానికి లోపలికి వెళ్ళింది కానీ, ఆ నవ్వులో బెంగ పోలేదు.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇదే వరస. డాక్టర్ల మధ్య, కంప్యూటర్లవాళ్ళ మధ్య కూర్చుని "రైల్వే" అనగానే ప్రశ్నలు మొదలయ్యేవి. "అమెరికాలో కూడా రైళ్ళున్నాయా?" అని ఒకరు. "అంటే టికెట్లు చూస్తారా?" అని ఇంకొకరు. ఒక పెద్దాయనైతే కన్సెషన్‌లో చికాగో వెళ్ళొచ్చా అని అడిగాడు. మాది సామాన్ల బళ్ళ లైను బాబూ, మీరు గోధుమ బస్తా అయితే తీసుకెళ్తాను అన్నాను. ఆయన మళ్ళీ నాతో మాట్లాడలేదు.

స్నేహకి ఆ రోజు గారెల మధ్య ఎంత చెప్పగలిగానో అంతే చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, మీటింగుల సంగతి రాయను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే. ఒక్క లైను గురించి, ఆ లైను మీద ఒక్క వంతెన గురించి రాస్తాను. మూసిన లైను మళ్ళీ తెరుచుకోదని మా రైళ్ళవాళ్ళందరూ నమ్ముతారు. ఆ నమ్మకాన్ని నేను ఒకసారి అబద్ధం చేశాను. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, నిజంగా గొప్పే.

సగం చచ్చిన లైను

మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దు మీద ఒక నది ఉంది. ఆ నది మీదుగా మా లైను కెనడాలోకి వెళ్తుంది. మా ముందు తరంవాళ్ళు కలప కోసం వేశారు. తర్వాత గోధుమలొచ్చాయి, కొన్నాళ్ళు మనుషులూ ఎక్కారు. సరిహద్దు అంటే అప్పటివాళ్ళకి పెద్ద లెక్కలేదు. అవతలి ఒడ్డున సంబంధాలు చేసుకునేవారు, ఇవతలి ఒడ్డున చర్చికి వచ్చేవారు, మధ్యలో బండి ఎక్కేవారు.

నేను చేరేనాటికే ఆ వైభవం అయిపోయింది. మనుషుల బళ్ళు ఎప్పుడో ఆగిపోయాయి. లైను నదికి ఇవతల రెండుగా చీలేది. ఒకటి తిన్నగా వంతెన మీదుగా కెనడాకి, ఇంకొకటి పడమటికి. పడమటి శాఖలో ఒక వానాకాలం చిన్న తూము కొట్టుకుపోయింది. తూము బాగుచేయడం పెద్ద పనేం కాదు. కంపెనీవాళ్ళు మాత్రం "తాత్కాలికంగా మూసివేత" అని బోర్డు పెట్టారు. ఆ బోర్డుకి తుప్పు పట్టింది, పట్టాల మధ్య చెట్లు మొలిచాయి, ఆఖరికి పట్టాలే పీకేశారు. ఇప్పుడక్కడ చలికాలంలో మంచు స్కూటర్లు తోలుకుంటారు.

నా మొదటి ఏడాదిలో ఆ పట్టాలు పీకడం చూశాను. పట్టా లేపినప్పుడు కింద నేల కొత్తగా, నల్లగా కనిపిస్తుంది. చూడలేకపోయాను. మా నాన్నగారు బెజవాడలో రైల్వే వంతెనలు చూసే ఉద్యోగి. ఆయన చిన్నప్పుడు నన్ను వెంట తీసుకెళ్ళినవన్నీ కొత్తగా వేస్తున్న లైన్లే. లైను చావడం నేను అమెరికాలోనే చూశాను.

వాల్టర్

నా బాసు పేరు వాల్టర్. పొడుగాటి మనిషి, మాట తక్కువ. ఉక్కు గురించి ఆయనకి తెలిసినంత నాకు తెలిసినవాళ్ళెవరికీ తెలియదు. కానీ హెడ్డాఫీసంటే భయం. ఫోన్ మోగితే కుర్చీలోంచి సగం లేచేవాడు.

స్నేహా, నీకు ఇలాంటి బాసు తప్పకుండా తగులుతాడు. చెడ్డవాడని అనుకోకు. పని వచ్చి ధైర్యం లేనివాళ్ళ దగ్గర పని నేర్చుకో, ధైర్యం ఇంటి దగ్గరనించి తెచ్చుకో. వాల్టర్ నాకు నేర్పిన మంచి విషయం ఒకటుంది. ఏ వంతెననైనా బాగా వేడిగా ఉన్న రోజు ఒకసారి, బాగా చలిగా ఉన్న రోజు ఒకసారి చూడమనేవాడు. ఉక్కు వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఆ సాగడానికీ ముడుచుకోవడానికీ చోటు ఇవ్వాలి. అందుకే ఉక్కు స్పాను, అంటే రెండు స్తంభాల మధ్య పరిచే వంతెన ముక్క, దాన్ని ఒక చివర రోలర్ల మీద కూర్చోబెడతారు. అప్పడాల కర్రల్లాంటి ఇనుప రోలర్లు. అవి దొర్లుతూ ఉంటే వంతెన ఊపిరి పీలుస్తున్నట్టు లెక్క.

ఆయన నాకు పెట్టిన కచ్చితమైన రూలు కూడా ఒకటుంది. వంతెన నడిమధ్యలో, రెండు దేశాల జెండాలున్న ఇత్తడి ఫలకం ఒకటి బిగించారు. అక్కడితో అమెరికా సరి. "ఫలకం దాకా మనది. అది దాటి ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు. కస్టమ్స్ గొడవ, యూనియన్ గొడవ," అనేవాడు.

నాకైతే ఆ రూలు చెప్పనక్కర్లేదు. అప్పటికి మా గ్రీన్ కార్డ్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది. ముందుగా పర్మిషన్ పేపరు తీసుకోకుండా దేశం దాటితే అప్లికేషన్ వదులుకున్నట్టేనని లాయరు గట్టిగా చెప్పింది. నేను వంతెన పనికి బయల్దేరిన ప్రతిసారీ మా ఆయన గుమ్మం దాకా వచ్చి అదే పాట.

"హైమా, ఫలకం!"

"గుర్తుందండీ."

"ఒక్క అడుగే కదా అనుకుంటావు. నీ సంగతి నాకు తెలుసు."

"అడుగు వెయ్యను. తల మాత్రం వంచి చూస్తాను. తలకి వీసా అక్కర్లేదుగా?"

"ఏమో, అది కూడా లాయర్ని అడుగు," అనేవాడు మహానుభావుడు.

రాణిగారికి దణ్ణం

ఒక వేసవి చివర వాల్టర్ నన్ను ఇంజన్లో ఎక్కించి పంపాడు. వంతెన మీద ఫలకానికి ఇవతలే దిగిపోవాలి. డ్రైవరు హెరాల్డ్, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. వంతెన మీదికి వచ్చాక బండిని మెల్లగా నడుపుతూ, ఫలకం దగ్గర పడగానే "పట్టుకో," అన్నాడు. పొట్టిగా ఒక కూత వేశాడు. సరిగ్గా అప్పుడే ఇంజను ముక్కు కిందికి ఒకసారి దిగి పైకి లేచింది. నన్ను దింపడానికి, మేమున్న క్యాబిను ఫలకం దాటకముందే బండి ఆపాడు.

"చూశావా? మా ఇంజనుకి మర్యాద తెలుసు. కెనడాలోకి వెళ్ళేముందు వాళ్ళ ఇంగ్లండు రాణిగారికి దణ్ణం పెడుతుంది," అని పకపకా నవ్వాడు.

అది అక్కడి డ్రైవర్లందరికీ ఆచారమైపోయింది. కొత్తగా వచ్చినవాడికి చెప్పకుండా ఆ చోటు దాటించి, వాడి కాఫీ ఒలికితే నవ్వుకోవడం, ఆ తర్వాత వాడు కూడా కూత వేయడం. తిరుగు ప్రయాణంలో కెనడా డ్రైవర్లకి కూడా అదే ఆచారమట. వాళ్ళు అమెరికా ప్రెసిడెంటుకి దణ్ణం పెట్టేవాళ్ళు.

నాకు నవ్వు రాలేదు.

"ఎప్పట్నించీ ఇలా వంగుతోంది హెరాల్డ్?"

"ఎప్పుడూ ఇంతే."

"నువ్వు కొత్తగా చేరినప్పుడు కూడా ఇంత దిగేదా?"

హెరాల్డ్ నవ్వు ఆపాడు. కాస్త ఆలోచించాడు. "అప్పుడు కాఫీ ఒలికేది కాదు," అన్నాడు.

ఇది ఎలాంటి తప్పంటే, సరిహద్దు రైళ్ళవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు. పట్టాలు ఒక చోట కుంగితే ఇంకెక్కడైనా మర్నాడే ఎవరో ఒకరు రిపోర్టు చేస్తారు. ఇక్కడ మాత్రం అది సరిగ్గా సరిహద్దు మీద జరిగింది కాబట్టి దాన్ని సరిహద్దు తాలూకు ముచ్చట అనుకున్నారు. వేడుక చేసుకున్నారు. వంతెన ఏడుస్తుంటే వీళ్ళు కూతలు వేశారు.

సుద్దగీత

మర్నాడు ఫలకం దగ్గర బోర్లా పడుకుని చెక్కల సందులోంచి కిందికి చూశాను. ఫలకానికి సరిగ్గా కింద నదిలో రాతి స్తంభం, మా భాషలో పియరు. అమెరికా స్పాను ఒక చివర, కెనడా స్పాను ఒక చివర దాని నెత్తిమీదే కూర్చున్నాయి. రోలర్లు ఎక్కడున్నాయో కనపడలేదు. పక్షిగూళ్ళు, మట్టి, బళ్ళలోంచి రాలిన గోధుమలు, ఆ గోధుమలు మొలిచిన గడ్డి. దాని కింద తుప్పు.

ఈ పియరు ఎవరు చూస్తున్నారని వాల్టర్‌కి ఫోన్ చేశాను.

"కెనడావాళ్ళు. దిగే నిచ్చెన వాళ్ళ వైపే ఉంది కదా!"

కెనడా కంపెనీ ఇన్‌స్పెక్టర్ గోర్డన్‌కి ఫోన్ చేశాను. మంచి మనిషి, నెమ్మదస్తుడు.

"ఆ పియరు మీదే కదా? కట్టింది మీ కంపెనీ అని మా డ్రాయింగులో ఉంది," అన్నాడు.

అప్పుడర్థమైంది ఇద్దరికీ. మావాళ్ళు ఇటునించి ఫలకం దాకా వచ్చి వెనక్కి తిరిగారు, వాళ్ళు అటునించి ఫలకం దాకా వచ్చి వెనక్కి తిరిగారు. అందరూ నిజాయితీగా తమ పని చేశారు. పియరు నెత్తిని మాత్రం ఏళ్ళ తరబడి ఎవ్వరూ ముట్టుకోలేదు.

గోర్డన్ వచ్చి తన వైపు నిచ్చెన దిగాడు. మా వైపు నిచ్చెన లేదు. మా గ్యాంగు ఫోర్‌మన్ తాడు నిచ్చెన వేస్తే నేను దాని మీద దిగాను. నా గ్రీన్ కార్డ్ సంగతి గోర్డన్‌కి చెప్పాను. నవ్వలేదాయన. జేబులోంచి సుద్దముక్క తీసి పియరు మీద ఈ చివరనించి ఆ చివరకి తిన్నగా గీత గీశాడు.

"ఇది నీ దేశం, ఇది నా దేశం. నీ బూట్లు చూసుకుంటూ ఉండు," అన్నాడు.

మట్టి, గడ్డి పారేసి శుభ్రం చేశాం. రోలర్లు రాయిలా బిగుసుకుపోయాయి. స్పాను ఊపిరి తీసుకోవాలన్నప్పుడల్లా రోలరు దొర్లకపోతే ఏమవుతుంది? పియరు నెత్తినే పట్టుకుని లాగుతుంది. ఒక్కో చలికాలం కొంచెం కొంచెంగా లాగింది. నెత్తిమీద పరిచిన రాయికి పగులొచ్చింది. ఆ పగులు నా వైపు మొదలై సుద్దగీత దాటి గోర్డన్ వైపు వెళ్ళింది. పగులుకి వీసా అక్కర్లేదు.

పగులు పైపైనే ఉందో, లోతుగా ఉందో తేలాలి. మా నాన్నగారు కంటికంటే చేతినే ఎక్కువ నమ్మేవారు. ఉక్కుని బిగించే రివెట్టు వదులైందో లేదో చూడాలంటే ఒక పక్క వేలు ఆనించి, ఇంకో పక్క సుత్తితో కొట్టేవారు. నేను పగులుకి ఇవతల అరచెయ్యి ఆనించి, "గోర్డన్, అవతల గట్టిగా కొట్టు," అన్నాను.

కొట్టాడు. రాయి ఒకటే అయితే ఆ దెబ్బ నా చేతికి తెలియాలి. తెలియలేదు.

"ఇంకోసారి."

మళ్ళీ కొట్టాడు. చప్పుడు చెవులకి వినపడుతోంది, చేతికి మాత్రం ఏమీ లేదు. రాయి నిలువునా రెండైపోయింది. బండి బరువు పడినప్పుడల్లా పగిలిన ముక్క కుంగుతోంది, ఇంజను పెట్టే దణ్ణం అదే. దాని మీదుగా రోజూ బళ్ళు వెళ్తున్నాయి. గోర్డన్ సుత్తి కింద పెట్టి టోపీ తీశాడు. చావింట్లో తీసినట్టు తీశాడు.

లిండా మాట

వంతెనకి ఇవతల ఒడ్డున చిన్న ఊరు. ఆ ఊరికి ఆధారమంతా పట్టాల పక్కనున్న ఎలివేటరు, అంటే చుట్టుపక్కల రైతుల ధాన్యాన్ని నిలవచేసి రైలు వ్యాగన్లలోకి ఎత్తే ఎత్తైన గోదాము. అది నడిపేది లిండా. గోధుమలన్నీ ఆ వంతెన మీదుగా కెనడాలో సరస్సు ఒడ్డున ఉన్న రేవుకి వెళ్తాయి. అప్పుడు కోతలు మొదలై, లారీలు ఎలివేటరు ముందు బారులు తీరి ఉన్నాయి.

నేనే వెళ్ళి చెప్పాను. ఫోన్లో చెప్పడం మర్యాద కాదనిపించింది.

"వంతెన మూసేస్తున్నాను లిండా."

ఆవిడ చేతులు తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది. "నేను ముందు పడమటి శాఖ చివర ఊళ్ళో పనిచేశాను. నీకు తెలుసా?"

తెలియదన్నాను.

"అక్కడ కూడా నీలాంటి మర్యాదస్తుడొకడు వచ్చి తాత్కాలికం అన్నాడు. ఆ ఏడాది ఎలివేటరు పోయింది. ఆ తర్వాత బడి పోయింది. చర్చి కూడా పోయింది. ఇప్పుడా ఊరి పేరు మ్యాపులో లేదు. మీ పెద్దాఫీసుకి ఈ లైను ఎలా వదిలించుకోవాలా అని ఉంది. నువ్వు వెళ్ళి తాళం వాళ్ళ చేతికిస్తున్నావు. మూస్తే తెరవరు, హైమా."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మూయకపోతే ఏదో ఒక రోజు హెరాల్డ్ బండితో సహా నదిలో ఉంటాడు. మూస్తే ఈ ఊరు ఉండదు. "తెరిపిస్తాను," అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. ఎలా తెరిపించాలో నాకే తెలియదు.

వాల్టర్‌కి ఫోన్ చేస్తే నీళ్ళు నమిలాడు. "మెల్లగా నడపమని ఆర్డరిద్దాం. కోతలయ్యాక చూద్దాం," అన్నాడు.

"కోతలయ్యేసరికి చలి వస్తుంది సార్. ఉక్కు ముడుచుకుంటుంది. చలి రోజున చూడమని నేర్పింది మీరే. చలి రోజు దాకా ఆ రాయి ఆగదు."

"నువ్వు వీసా మీద ఉన్నావు, హైమా. హెడ్డాఫీసు నీ మీద పడితే నేను కాపాడలేను."

ఒళ్ళు మండింది. "వంతెన పడితే ఎవరు కాపాడతారు సార్?" అన్నాను. ఇంటికి ఫోన్ చేసి మా ఆయనకి కూడా చెప్పాను. అవతల పెద్ద నిట్టూర్పు. "అడుగు వెయ్యలేదు కదా?" అన్నాడు. వెయ్యలేదన్నాను. "అయితే మూసెయ్. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుందాం," అన్నాడు. పెళ్ళి నాటి ప్రమాణాలకంటే ఈ మాట విలువైనది నాకు.

ఒకే పొద్దున

నాకు తట్టిన ఉపాయం చిన్నదే. నేనొక్కదాన్నే మూస్తే, అమెరికా వైపు తప్పని కెనడా కంపెనీ చేతులు దులుపుకుంటుంది. మా పెద్దలకి కావలసిందీ అదే. గోర్డన్ ఒక్కడే మూస్తే మావాళ్ళు అదే పాట పాడతారు. అందుకని ఇద్దరం ఒకే పొద్దున, ఒకే మాటలతో మూశాం. "పియరు ఉమ్మడిది. రెండు వైపులా పని మొదలైంది. పని పూర్తవగానే బళ్ళు నడుస్తాయి." తాత్కాలికం అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. ఇటు గోధుమ వ్యాగన్లు, అటు కలప వ్యాగన్లు ఆగిపోయాయి, రెండు ఒడ్డుల మీదా సరుకు కొనుక్కున్నవాళ్ళనించి ఫోన్ల మీద ఫోన్లు. పక్కవాడిదే తప్పని చెప్పడానికి ఏ హెడ్డాఫీసుకీ దారి లేకుండా పోయింది.

పని మొదలైందన్నాం కదా, నిజంగానే మొదలుపెట్టాం. మా గ్యాంగు పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లు మోసుకొచ్చింది. మా నాన్నగారు వరదల తర్వాత వంతెనల కింద అడ్డం నిలువు స్లీపర్లు పేర్చి దిమ్మ కట్టించేవారు. పియరు నెత్తిమీద గట్టి రాయి మిగిలిన చోట నేనూ అలాగే కట్టించాను. ఇటు దిమ్మ మావాళ్ళు, అటు దిమ్మ గోర్డన్ మనుషులు. దాని మీద జాకీలు పెట్టి స్పాను చివర్లు రెండూ ఒకేసారి వెంట్రుకవాసి లేపి, బరువంతా దిమ్మల మీదికి మార్చాం. అటువాడు "లేపు" అంటే ఇటువాడు "ఆగు" అనేవాడు. ఇద్దరూ తిట్టుకునేవారు, టీ తాగేవారు, మళ్ళీ లేపేవారు.

అప్పుడొచ్చాడు వాల్టర్. ఎవ్వరికీ చెప్పకుండా కారేసుకుని వచ్చాడు. నా మీద అరవడానికే వచ్చాడని అందరం అనుకున్నాం. తాడు నిచ్చెన దిగాడు, ఆ వయసులో. పగులుకి ఇవతల చెయ్యి ఆనించి గోర్డన్ వైపు చూశాడు. గోర్డన్ కొట్టాడు. వాల్టర్ చెయ్యి తీసి తన అరచేతినే చూసుకుంటూ ఉండిపోయాడు.

పైకి వచ్చి హెడ్డాఫీసుకి ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. కుర్చీ లేదు కాబట్టి లేవలేదు. "వంతెన మూసింది నేను. కొత్త రోలర్లు, కొత్త నెత్తి కావాలి. నది గడ్డ కట్టే లోపల కావాలి. అవును, నేనే మూశాను," అన్నాడు. నాకు థాంక్స్ చెప్పలేదు, ఆ రోజే కాదు, రిటైరయ్యే దాకా చెప్పలేదు. పోనిద్దురూ. ఆ "నేనే మూశాను" చాలు నాకు.

పగిలిన రాయి తీసేసి కాంక్రీటు పోశాం. కొత్త రోలర్లు వచ్చాయి. తొలి మంచు పడుతుండగా మొదటి బండి నడిచింది. హెరాల్డే డ్రైవరు. ఎలివేటరు దగ్గరనించి లిండా నడుచుకుంటూ వచ్చి ఒడ్డున నిలబడింది, కోటు కూడా సరిగ్గా వేసుకోలేదు. ఫలకం దగ్గర హెరాల్డ్ అలవాటుగా కూత వేశాడు. ఇంజను తిన్నగా వెళ్ళిపోయింది. లిండా నా భుజం మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బ ఇప్పటికీ గుర్తుంది. ఏడ్చాను, దాచుకోవడం దేనికి?

స్నేహకి

గోర్డనూ నేనూ ఆ తర్వాత ఒక రూలు పెట్టాం. ఎవరి తనిఖీ అయినా ఫలకం దగ్గర ఆగకూడదు. మావాళ్ళు పియరు దాటి అవతలి స్పాను మొదలు దాకా, వాళ్ళు దాటి ఇవతలి స్పాను మొదలు దాకా చూడాలి. ఒకే పియరు మీద రెండు దేశాల చేతులూ పడాలి. పేపర్లన్నీ ముందే సిద్ధం చేసుకుని రావాలి. నా గ్రీన్ కార్డ్ వచ్చాక నేను మొట్టమొదట చేసిన పని ఆ పియరు మీద గోర్డన్ వైపుకి అడుగెయ్యడం. ఆయన నా బూట్లు చూసి, "వెల్‌కమ్ టు కెనడా," అన్నాడు.

నువ్వు చేరబోయే చోట కూడా నీ హద్దు ఎక్కడో చెబుతారు, స్నేహా. విను. హద్దు పాటించు. కానీ హద్దు అవతలివాడి ఫోన్ నంబరు మాత్రం మొదటి రోజే సంపాదించు. మీ ఆఫీసులో అందరూ నవ్వుకునే విషయం ఏదైనా ఉంటే, అది ఎప్పట్నించి నవ్వులాట అయిందో అడుగు. డ్రోన్లు వచ్చాయట ఇప్పుడు, మంచిదే, వాడు. అయినా చెయ్యి ఆనించి చూడు. మీ అమ్మగారితో నేను మాట్లాడతాను, ఆ దిగులు నాకు వదిలెయ్.

పోయిన కోతల కాలంలో మా ఆయనా నేనూ ఆ ఊరికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం. లిండా లేదు, ఎలివేటరు ఉంది. దాని ముందు లారీలున్నాయి. బడి గంట వినపడింది. నది ఒడ్డున కంచె దగ్గర నిలబడి, ఐసెలిన్ ఊరినించి మా మరదలు పంపిన వేరుశెనగ ఉండలు తింటూ వంతెనని చూస్తున్నాం. పసుపు చొక్కా వేసుకున్న కుర్రాడొకడు వచ్చి ఇది రైల్వే స్థలం, కంచె దాటొద్దని మర్యాదగా చెప్పాడు. వంతెన ఇన్‌స్పెక్టరట. వాడి రేడియోలో ఒక ఆడగొంతు, కెనడా కంపెనీ ఇన్‌స్పెక్టరుది, వినిపించింది.

"నేను హైమ దగ్గర ఉన్నాను. నువ్వు ఎప్పుడొస్తావు?"

మా ఆయన నోట్లో ఉండ అలాగే ఉండిపోయింది.

"హైమ అంటే ఏమిటి బాబూ?" అని అడిగాను.

"నడిమి పియరుకి అలా పేరు మేడమ్. మా తనిఖీలో రూలు, ఇద్దరం హైమ మీద చెయ్యి వేశాకే వెనక్కి తిరగాలి. ఎవరో పాతకాలం ఇంజనీరు పేరట. ఆయన ఎప్పుడో పోయుంటారు."

"ఆయన కాదు, ఆవిడ," అన్నాను. "పోలేదు. నీ ముందు నిలబడి వేరుశెనగ ఉండ తింటోంది."

వాడు నన్ను చూశాడు, మా ఆయన్ని చూశాడు. మా ఆయన అవునని తల ఊపాడు, కళ్ళనిండా నీళ్ళు. కుర్రాడు హెల్మెట్ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. నేనే అడిగాను.

"రోలర్లు దొర్లుతున్నాయా?"

"బాగా దొర్లుతున్నాయి మేడమ్."

"ఫలకం దగ్గర ఇంజను తల వంచుతోందా?"

"తల వంచడమంటే?" అన్నాడు వాడు అయోమయంగా.

వాడికి తెలియదు. ఆ వంతెన మీద ఇప్పుడు పనిచేసేవాళ్ళెవరికీ తెలియదు. అంతలో ఎలివేటరు దగ్గరనించి గోధుమల బండి కదిలింది. వంతెన ఎక్కింది, ఫలకం దగ్గరికి వచ్చింది, పొట్టిగా ఒక కూత వేసింది. ఎందుకు వేస్తారో వాళ్ళకే తెలియని కూత. నేను మా ఆయన చెయ్యి పట్టుకుని ఇంజను ముక్కునే చూస్తున్నాను.

తిన్నగా వెళ్ళిపోయింది.